గాజులకే కాదు, మౌసుకూ చెయ్యి కొలవాలి

గాజుల దుకాణానికి వెళితే ముందు చెయ్యి చాపుతాం. గాజులమ్మే అవ్వ ఆ చెయ్యి నొక్కి చూసి, మెత్తనిదో గట్టిదో తెలుసుకుని, సైజు చెప్పిన తరువాతనే రంగులూ మెరుపులూ చూస్తాం. చెప్పులకు పాదం చూపిస్తాం. చొక్కా కుట్టించుకోవాలంటే భుజాలు కొలిపించుకుంటాం. కానీ పిల్లవాడికి కంప్యూటరు ఆటల కోసం కీబోర్డు, మౌసు కొనాల్సి వచ్చినప్పుడు మాత్రం చేతిని ఎవ్వరమూ చూడం. పెట్టె మీద అచ్చువేసిన అంకెలు చదువుతాం, లోపల వెలిగే ఏడు రంగుల దీపాలు చూస్తాం, ధర చూసి నిట్టూర్చి కొనేస్తాం, లేదా కోప్పడి ఇంటికి వచ్చేస్తాం. రోజుకు గంటా రెండు గంటలు చేతికి అంటుకుని ఉండే వస్తువుకు చేతి కొలత అక్కరలేదా, చెప్పండి!

డిపాజిట్లు, నామినేషన్లు, ఇంటి ఖర్చులు అంటూ లెక్కల సంగతులు రాసుకుంటూ వచ్చిన ఈ శీర్షికలో ఉన్నట్టుండి ఆటసామాను గొడవేమిటని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. ఇదీ ఇంటి లెక్కే మరి. మన సంఘం ఉగాది కలయికలో పులిహోర ప్లేట్లు పట్టుకుని నిలబడిన తండ్రుల్లో కొందరు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే. "మావాడు గేమింగు కీబోర్డు కావాలంటున్నాడు, పదివేలట. నిజంగా అవసరమా, లేక షోకా?" ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. కొంత అవసరం, కొంత షోకు. ఏది ఎంతో విడదీసి చూడటమే ఈసారి మన పని.

ముందుగా ఒక అనుమానం తీర్చేసుకుందాం. ఆట అనగానే మనలో చాలామందికి గుండె ఝల్లుమంటుంది, ఎందుకంటే ఫోనులో పేకాట ఆడి ఇళ్ళు గుల్ల చేసుకున్న వాళ్ళను చూశాం. అది వేరు, ఇది వేరు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా ఈ రెండింటినీ విడదీసింది. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ, వాటికి బ్యాంకులు చెల్లింపులు జరపరాదంటూ, నైపుణ్యంతో పోటీపడే ఈ-స్పోర్ట్సును మాత్రం క్రీడగా గుర్తించింది. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్సును ప్రదర్శన పోటీగా పెట్టినప్పుడు మన దేశానికి చెందిన తీర్థ్ మెహతా కాంస్యం గెలిచాడు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో అవి పూర్తిస్థాయి పతకాల పోటీలయ్యాయి. అలాగని మన పిల్లలందరూ పతకాలు తెస్తారని కాదు. వీధిలో క్రికెట్టు ఆడే ప్రతివాడూ కపిల్‌దేవ్ అవుతాడా? అయినా బ్యాటు కొనిస్తాం కదా!

ఇంకో మాట. బల్ల మీద కంప్యూటరు ముందు కూర్చుని ఆడే పిల్లవాడు హాల్లో నలుగురికీ కనబడుతూ ఉంటాడు. దుప్పటి ముసుగులో ఫోను పట్టుకున్న పిల్లవాడు ఎవరికీ కనబడడు. తల్లిదండ్రులకు ఈ రెండింటిలో ఏది మేలో నేను చెప్పనక్కరలేదు.

ఇక మా శాఖలో జరిగిన ఒక సంగతి. మన బళ్ళారిలో జీన్సు ప్యాంట్లు కుట్టడం ఎన్ని కుటుంబాలకు అన్నం పెడుతోందో మీకు తెలుసు. ఇంట్లోనే మిషను పెట్టుకుని పీసు లెక్కన కుట్టే ఒకామె నెలనెలా వచ్చి రికరింగ్ డిపాజిట్ కట్టి పోతుంది. ఒకరోజు పాసుబుక్కు బల్ల మీద పెట్టి, "సార్, ఈ ఆర్‌డీ మూసెయ్యల్ల" అంది.

"ఏంటికమ్మా? ఇంకా ఎనిమిది నెలలుంది గదా, ఇప్పుడు మూస్తే వడ్డీ పోతుంది."

"పిల్లోడు కీబోర్డ్ బేకు, మౌస్ బేకు అని కూచున్నాడు సార్. పదకొండు వేల ఐదు నూర్లంట. వారమాయె, సరిగ్గా అన్నం తినడు."

ఆ డిపాజిట్ ఎందుకోసమో నాకు తెలుసు. ఆ అబ్బాయి డిగ్రీ ఫీజు కోసం. ఇద్దరికీ సర్ది చెప్పే అధికారం నాకెక్కడిది? అయినా వయసును అడ్డం పెట్టుకుని, "రేపు వాణ్ణి ఒకసారి పంపమ్మా, ఆ తరువాత మూద్దాం" అన్నాను.

మరునాడు మధ్యాహ్నం వచ్చాడు. పి.యు.సి. రెండో ఏడు. చేతిలో చీటీ. మీటల కింద రంగు దీపాలున్న పెద్ద కీబోర్డు ఒకటి 6,500, పెద్ద మౌసు ఒకటి 5,000. ఎవరో వీడియోలో మెచ్చుకున్న వస్తువులవి. "ఇప్పుడున్న వాటితో ఏమి ఇబ్బంది నాయనా?" అని అడిగాను. ఆ ప్రశ్న అంతవరకు వాణ్ణి ఎవరూ అడగలేదనుకుంటాను. కుర్చీ ముందుకు జరుపుకుని చక్కగా చెప్పాడు. వాడు చెప్పినదీ, నేను వాణ్ణి అడిగి, దుకాణంలో చూసి తెలుసుకున్నదీ కలిపి మీ ముందు పెడుతున్నాను.

మొదట కీబోర్డు సంగతి. తుపాకీలు పట్టి పరుగెత్తే ఆటల్లో కుడిచెయ్యి మౌసు మీద, ఎడమచెయ్యి కీబోర్డు మీద ఉంటాయి. డబ్ల్యూ నొక్కితే ముందుకు, ఎస్ నొక్కితే వెనక్కు, ఏ ఎడమకు, డి కుడికి. బొటనవేలితో స్పేసు నొక్కితే ఎగరడం. ఈ పద్ధతికి పేరు తెచ్చిన వాళ్ళలో ముఖ్యుడు డెనిస్ ఫాంగ్ అనే అమెరికా కుర్రాడు. 1997లో క్వేక్ ఆట పోటీలో గెలిచి, ఆ ఆటను తయారుచేసిన జాన్ కార్మాక్ చేతుల మీదుగా ఆయన సొంత ఫెరారీ కారును బహుమతిగా పట్టుకెళ్ళాడు. మనం టైపు ఇన్‌స్టిట్యూటులో ఏ, ఎస్, డి, ఎఫ్ మీద నాలుగు వేళ్ళూ పెట్టడం నేర్చుకున్నాం. ఆటగాడి చెయ్యి అంతకంటే ఒక మీట ఎడమకు జరిగి ఉంటుంది. అంటే 1870లలో షోల్స్ అనే ఆయన టైపు మిషను కోసం పేర్చిన మీటల వరుసలోనే ఒక మూల పిల్లలు తమ ఆటస్థలం గీసుకున్నారన్నమాట.

ఇక్కడే మొదటి నిర్ణయం ఉంది. కీబోర్డు కుడివైపున అంకెల మీటలు ఉండాలా, వద్దా? 1993లో బ్యాంకు సంఘాలకూ యాజమాన్యాలకూ కంప్యూటర్ల మీద ఒప్పందం కుదిరాక ఉద్యోగంలో చేరిన నాబోటి వాళ్ళకు ఆ అంకెల మీటలు లేని కీబోర్డు ఉప్పు లేని పప్పులాంటిది. కళ్ళు ఓచరు మీద, వేళ్ళు అంకెల మీద! కానీ ఆటగాడికి అవి వట్టి అడ్డం. ఆ జానెడు చోటు మిగిలితే మౌసు కదలడానికి ఖాళీ దొరుకుతుంది, కుడిచెయ్యి పక్కకు చాపుకుని కూర్చునే అవస్థ తప్పుతుంది. అందుకే అంకెల భాగం తీసేసిన చిన్న కీబోర్డులు వచ్చాయి. దుకాణంలో వాటిని టెన్‌కీలెస్ అంటారు. ఇంట్లో అదే కంప్యూటరు మీద నాన్న జి.ఎస్.టి. లెక్కలు వేసుకుంటాడంటే పెద్దదే కొనండి. పిల్లవాడు ఒక్కడే వాడేదయితే చిన్నది చాలు, ధరా తగ్గుతుంది.

రెండోది, చాలామందికి తెలియనిది. ఆ అబ్బాయి అసలు బాధ ఇదే. "మూడు మీటలు ఒక్కసారి నొక్కితే ఒకటి పలకదు సార్" అన్నాడు. మీటలు ముదిరిపోవడం వల్ల కాదిది. మామూలు కీబోర్డు లోపల మన లెడ్జరు కాగితం లాగా అడ్డగీతలు, నిలువుగీతలు ఉంటాయి. ఒక్కో మీట ఒక్కో గడి. ఏ అడ్డవరుస, ఏ నిలువువరుస కలిశాయో చూసి ఏ మీట నొక్కారో కంప్యూటరు పట్టుకుంటుంది. చదరంగా ఉన్న నాలుగు గడుల్లో మూడింటిని ఒకేసారి నొక్కితే నాలుగోది కూడా నొక్కినట్టే కనబడుతుంది. అడ్డం మొత్తాలు, నిలువు మొత్తాలు మాత్రమే ఇచ్చి మధ్య గడుల్లో ఏ అంకె ఉందో చెప్పమన్నట్టు! ఎటూ తేలక కంప్యూటరు ఒక మీటను వదిలేస్తుంది. ప్రతి మీటకూ ఒక చిన్న డయోడు పెడితే ఈ తికమక ఉండదు. ఎన్ని మీటలు కలిపి నొక్కినా అన్నీ పలికే కీబోర్డును ఎన్-కీ రోలోవర్ అంటారు. పెట్టె మీద వెతకవలసిన మాట అది. అది లేకపోతే కనీసం యాంటీ-గోస్టింగ్ అని ఉండాలి. అంటే ఆటల్లో వాడే మీటల వరకైనా పలుకుతాయని అర్థం.

పరీక్షించడం తేలిక. నోట్‌ప్యాడ్ తెరిచి, రెండువైపుల షిఫ్టు మీటలూ నొక్కిపట్టి, టైపు ఇన్‌స్టిట్యూటులో అందరం కొట్టిన ఆ గోధుమరంగు నక్క వాక్యాన్ని, 26 ఇంగ్లీషు అక్షరాలూ వచ్చేదాన్ని, ఇంకొకరి చేత కొట్టించండి. ఏ అక్షరాలు రాలేదో చూడండి. ఆ అబ్బాయి ఇంటికి పోయి వాళ్ళ చెల్లెలి చేత కొట్టించి చూశాడు. చాలా అక్షరాలు మాయం. అంటే కీబోర్డు విషయంలో వాడు అడిగింది నిజంగా అవసరమే. దీపాలు మాత్రం కాదు.

మూడోది మీట నొక్కుడు. మెత్తని రబ్బరు పొర మీద నడిచేవి మెంబ్రేన్ కీబోర్డులు. అయిదు వందలకూ వెయ్యికీ మధ్య దొరుకుతాయి. ప్రతి మీటకూ విడిగా స్ప్రింగు, స్విచ్చి ఉండేవి మెకానికల్ కీబోర్డులు. ఈ స్విచ్చిలకు పేరు పడ్డది జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ. 1980లలో వాళ్ళు తెచ్చిన నమూనాకు పేటెంటు గడువు తీరాక చైనా కంపెనీలు అవే నమూనాలు చేయడం మొదలుపెట్టాయి, ధరలు దిగివచ్చాయి. ఇప్పుడు రెండువేల నుంచి మూడువేల లోపల బాగానే పనిచేసే మెకానికల్ కీబోర్డు వస్తుంది. స్విచ్చిని రంగుతో పిలుస్తారు. ఎరుపుది నున్నగా కిందికి జారుతుంది, చప్పుడు తక్కువ. నీలానిది టిక్కుమని మోగుతుంది. గోధుమరంగుది మధ్యలో చిన్న గతుకు తగిలి ఊరుకుంటుంది. చెర్రీ ఎరుపు స్విచ్చికి సుమారు 45 గ్రాముల బరువు ఆనితే, 2 మిల్లీమీటర్లు దిగగానే మీట పలుకుతుంది.

ఆటకు ఎరుపు మేలని ఎక్కువమంది అంటారు. ఇంటికి ఏది మేలో మాత్రం మనమే ఆలోచించుకోవాలి. రెండు గదుల ఇంట్లో, పక్కగదిలో నాయనమ్మ పడుకున్నాక, నీలం స్విచ్చి టకటకలు మొదలయితే మరునాడు పొద్దున ఆటకూ ఆటగాడికీ కలిపి అక్షింతలు పడతాయి!

ఇప్పుడు మౌసు. దీని పుట్టుక అమెరికాలో. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించగా, 1964లో బిల్ ఇంగ్లీష్ అనే ఇంజనీరు మొదటిదాన్ని తయారుచేశాడు. ఒకే మీట ఉన్న చెక్కపెట్టె అది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో పదిమంది ముందు ఆడించి చూపించారు. ఆనాడు దానికి అంకెలు లేవు. ఈనాడు మౌసు పెట్టె మీద అన్నింటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది డి.పి.ఐ. అనే అంకె. 16,000 అంటారు, 26,000 అంటారు. మన అబ్బాయి చీటీలోనూ 16,000 అనే ఉంది. దాని సంగతి కాగితం మీద చూద్దాం. డి.పి.ఐ. అంటే మౌసు ఒక అంగుళం జరిగితే తెర మీది బాణం ఎన్ని చుక్కలు జరుగుతుందో చెప్పే లెక్క. సాధారణంగా ఇళ్ళలో ఉండే తెర వెడల్పు 1,920 చుక్కలు. 800 డి.పి.ఐ. పెట్టుకుంటే తెర ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి మౌసును 2.4 అంగుళాలు జరపాలి. అదే 16,000 అయితే 0.12 అంగుళం, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు. బియ్యపుగింజలో సగం! ఆ వేగంలో గురిపెట్టడం ఎవరి తరం? పేరుమోసిన ఆటగాళ్ళలో ఎక్కువమంది 400కూ 1,600కూ మధ్యనే పెట్టుకుంటారు. చవక గేమింగు మౌసులోనూ ఆ మాత్రం ఉంటుంది. మిగతాది మనం వాడని ఓవర్‌డ్రాఫ్టు లాంటిది. చూసుకుని మురిసిపోవడానికి తప్ప పనికిరాదు.

ఇంకో అంకె పోలింగ్ రేటు. మౌసు తన కదలికను సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటరుకు చెబుతుందనేది. మామూలు మౌసు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి. గేమింగు మౌసు 1,000 సార్లు, అంటే 1 మిల్లీసెకనుకు ఒకసారి. ఈ తేడాకు కొంత విలువ ఉంది, 1,000 ఉన్నది తీసుకోవచ్చు. 8,000 అని చెప్పి రెట్టింపు ధర అడిగితే మాత్రం ఆగండి. మన ఇంటి తెర సెకనుకు 60 బొమ్మలు చూపేదయితే ఒక్కో బొమ్మకు పట్టే సమయమే 16.7 మిల్లీసెకన్లు. కంటికి కనబడినదాన్ని చూసి మనిషి వేలు కదలడానికి పట్టేది రమారమి 200 మిల్లీసెకన్లు. ఎక్కడ ఆలస్యమవుతున్నదో చూడకుండా ఎక్కడో ఒక్క మిల్లీసెకను కూడా లేనిది ఆదా చేయడం, చిల్లర ఏరుతూ పర్సు పారేసుకున్నట్టే.

మరి మౌసులో చూడవలసిందేమిటి? చెయ్యి! మణికట్టు ముడత నుంచి నడిమివేలి కొన దాకా స్కేలుతో కొలవండి. అరచెయ్యి వెడల్పూ చూడండి. కొందరు అరచెయ్యి మొత్తం మౌసు మీద ఆనిస్తారు. వాళ్ళకు కొంచెం పొడుగుగా, వీపు ఎత్తుగా ఉన్నది కావాలి. కొందరు వేళ్ళు గోరులా వంచి పట్టుకుంటారు, కొందరు వేళ్ళకొనలతోనే ఆడిస్తారు. వాళ్ళకు చిన్నది, తేలికైనది నప్పుతుంది. బరువు 60 నుంచి 90 గ్రాముల మధ్య ఉంటే చాలామందికి సుఖంగా ఉంటుంది. ఎడమచేతి వాటం పిల్లలున్న ఇళ్ళలో రెండువైపులా ఒకేలా ఉన్న మౌసు అడిగి తీసుకోండి. వంపు తిరిగినవి ఎక్కువభాగం కుడిచేతి వాళ్ళకోసం చేసినవే.

తీగ ఉన్నదా, లేనిదా? మంచి తీగలేని మౌసులు వేగంలో ఏమీ తీసిపోవు, కానీ ధర ఎక్కువ. తక్కువ ధరలో కొనేటప్పుడు తీగ ఉన్నదే మంచిది. చార్జింగు బెంగ లేదు, ఆట మధ్యలో బ్యాటరీ అయిపోవడమూ లేదు. మౌసు కింద గుడ్డ పరుపు మాత్రం మరవకండి. గాజుబల్ల మీద మౌసు కంటికి ఆనవాలు దొరకక బాణం ఎగిరెగిరి పడుతుంది. మూడువందల రూపాయల పెద్ద గుడ్డ పరుపు తీర్చే ఇబ్బందికి అయిదువేల మౌసు కొనేవాళ్ళున్నారు. మన అబ్బాయి ఇంట్లోనూ గాజుబల్లే.

ఆ శనివారం సాయంత్రం వాడూ, వాళ్ళమ్మా, నేనూ దుకాణానికి వెళ్ళాం. వీడియోలో మెచ్చిన ఆ పెద్ద మౌసును పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు. చిన్న చెయ్యి, వేళ్ళు మీట చివరలకు అందలేదు. వాడే మెల్లిగా కింద పెట్టేశాడు. నేనేమీ అనలేదు. చివరకు అంకెల మీటలు లేని ఎరుపు స్విచ్చి కీబోర్డు 2,200, తేలికపాటి చిన్న మౌసు 900, గుడ్డ పరుపు 300. మొత్తం 3,400. అందులో సగం పండుగలకు మామలూ అత్తలూ చేతిలో పెట్టిన డబ్బు నుంచి వాడే తీశాడు. ఆర్‌డీ కదలలేదు. బయటికి వచ్చాక వాళ్ళమ్మ కొడుకు చేతిని తన చేతిలోకి తీసుకుని చూసి, "వీని చెయ్యి నా మాదిరే చిన్నది సార్, సూది పట్టే చెయ్యి" అంది. వాడు సిగ్గుపడ్డాడు.

మన ప్రాంతపు వాళ్ళకు కొన్ని అదనపు జాగ్రత్తలు. బళ్ళారి, సండూరు, హోసపేట దుమ్ము సంగతి మీకు తెలియనిది కాదు. తెల్లచొక్కా సాయంత్రానికి ఏ రంగు తిరుగుతుందో చూస్తూనే ఉన్నాం. మీటల టోపీలు ఊడదీసి కడుక్కోవడానికి వీలున్న కీబోర్డు తీసుకోండి. వాడనప్పుడు ఒక గుడ్డ కప్పండి. జీన్సు కుట్టగా మిగిలిన ముక్క దానికి బ్రహ్మాండంగా సరిపోతుంది. మన ఎండలకు చేతులు చెమర్చుతాయి. రబ్బరు పూత పూసిన మౌసులు ఆ చెమటకూ వేడికీ రెండేళ్ళలో బంకగా తయారవుతాయి. గరుకు ప్లాస్టిక్కుదే మేలు.

ఎక్కడ కొనాలన్నది మీ వీలును బట్టి. బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో, సికింద్రాబాదు సి.టి.సి.లో రకాలు ఎక్కువ. హంపీ ఎక్స్‌ప్రెస్సులో ఒక రాత్రి పోయి వచ్చే పని ఎలాగూ ఉంటే అక్కడ పట్టుకుని చూసి కొనవచ్చు. ఊళ్ళో దుకాణంలో కొంటే పాడయినప్పుడు తిరిగి ఇచ్చేందుకు మనిషి ఎదురుగా ఉంటాడు. ఎక్కడ కొన్నా బిల్లు, వారంటీ కాగితం దాచండి. అలాగే ఆటలో బొమ్మల దుస్తులూ తుపాకుల రంగులూ అమ్ముతుంటారు. మీ కార్డు నంబరు ఆ కంప్యూటరులో దాచిపెట్టకండి. వస్తువు ధర ఒక్కసారే తెలుస్తుంది, ఈ చిల్లర ఖర్చు ఏడాది చివరగ్గానీ తెలియదు.

అన్నిటికంటే ముఖ్యం మణికట్టు. కీబోర్డు వెనుక ఉండే మడతకాళ్ళు ఎత్తకండి. ఎత్తితే మణికట్టు పైకి వంగుతుంది. మోచెయ్యి ఎల్ ఆకారంలో, మణికట్టు సూటిగా ఉండేలా కుర్చీ ఎత్తు సరిచేయండి. కుర్చీ పొట్టిదయితే ఒక దిండు చాలు. గంటకొకసారి లేచి మంచినీళ్ళు తాగి రమ్మనండి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతున్నాయని పిల్లవాడు అంటే అది సాకని కొట్టిపారేయకుండా డాక్టరుకు చూపించండి. మణికట్టులో నరం నొక్కుకుపోవడానికి అదే గుర్తు. ఎంత మంచి మౌసయినా అరిగిపోతే ఇంకొకటి కొంటాం. చెయ్యి అలా కాదు కదా!

చివరగా, తెలుగునాడుకు బయట ఉంటున్న మనకు మాత్రమే పట్టే సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ కొత్త కీబోర్డు ఆటకు మాత్రమే అనుకోకండి. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషల లిపులకు కలిపి ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికను రూపొందించింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుంచి అందులో తెలుగు, కన్నడం రెండూ ఉన్నాయి. దీని అందమేమిటంటే, అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతికి, హల్లులు ఎక్కువభాగం కుడిచేతికి వస్తాయి. కె మీట నొక్కితే తెలుగులోనూ 'క' వస్తుంది, కన్నడంలోనూ 'క'యే వస్తుంది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు నేర్చుకునే మన బళ్ళారి పిల్లలకు ఒక్కసారి నేర్చుకున్న వేలు రెండు భాషలకూ పనికివస్తుంది.

ఇక ఆటగాళ్ళ ఆ నాలుగు మీటలు చూడండి. డబ్ల్యూ మీద ఐత్వం, ఏ మీద ఓత్వం, ఎస్ మీద ఏత్వం, డి మీద పొల్లు. మన గుణింతం అక్కడే దాక్కుని ఉంది! కంప్యూటరు భాషల సెట్టింగులో తెలుగును చేర్చుకుంటే చాలు. ఆ తరువాత విండోస్ మీటా, స్పేసూ కలిపి నొక్కితే ఇంగ్లీషు పోయి తెలుగు వస్తుంది. పైసా ఖర్చు లేదు.

కీబోర్డు కొనిచ్చేటప్పుడు పిల్లవాడితో ఒక ఒప్పందం చేసుకోండి. వారానికి ఒకసారి, ఒక్క అరగంట, ఆ మీటల మీదే తెలుగు. అమ్మమ్మ చెప్పే వంట తీరో, తాతయ్య చూసిన రాఘవ కళామందిరం సంగతులో, ఏదైనా సరే వాడే టైపు చేయాలి. ఆటలో అంత చురుకుగా కదిలే వేళ్ళు మన అక్షరాల మీద మొదట తడబడతాయి, నెల తిరిగేసరికి దారిలో పడతాయి. అలా టైపు చేసినవి మన పత్రికకు పంపండి. అమ్మమ్మ పేరు పైన, టైపు చేసిన మనవడి పేరు కింద వేయమని సంపాదకులను నేను అడుగుతాను.

వచ్చే సంచికలో మళ్ళీ మన పాత వడ్డీల లెక్కలకు వద్దాం. ఈలోగా ఎవరైనా దుకాణానికి బయలుదేరుతుంటే, చీటీ కంటే ముందు చెయ్యి తీసుకువెళ్ళండి. సెలవు.